గద్దె దింపే దారులు: దేశదేశాల ప్రభుత్వాలు ఎక్కడ వేరవుతాయి

మీరు అడిగినదాని సారాంశం ఇది. జపాన్‌లో చక్రవర్తి ఉన్నా దాన్ని ప్రజాస్వామ్యం అంటున్నారు. ఉత్తర కొరియా తన అధికారిక నామంలోనే ప్రజాస్వామ్యాన్నీ, ప్రజలనూ, గణతంత్రాన్నీ ఇరికించుకున్నా ఆ మాట ఎవరూ నమ్మడం లేదు. అధ్యక్షుడు ఒక దేశంలో సర్వం తానై నడిపిస్తాడు, మరో దేశంలో తెచ్చిన కాగితం మీద సంతకం పెట్టి పంపిస్తాడు. ఇంత గందరగోళంలో ఏ ప్రభుత్వం ఎలాంటిదో పోల్చుకునే పద్ధతి ఏదైనా ఉందా అన్నది మీ సందేహం.

రాజనీతి శాస్త్రం చాలా ఏళ్లు బోధించినవాడిగా చెబుతున్నాను, పద్ధతి ఉంది; కాని అది రాచరికం, గణతంత్రం, నియంతృత్వం అంటూ పాఠ్యపుస్తకాలు గీసే గళ్లలో దొరకదు. విద్యార్థులు ఆ గళ్లను పరీక్ష వరకు గుర్తుపెట్టుకుంటారు, ఆ తర్వాత వార్తల్లో ఏదైనా దేశం పేరు వినబడితే దాన్ని ఏ గడిలో పెట్టాలో తెలియక తికమక పడతారు. అందుకని నేను వాళ్లకు ఒకే ప్రశ్న ఇచ్చి పంపేవాడిని: పాలిస్తున్న మనిషిని గడువు తీరకముందే దింపాలంటే ఎవరు దింపగలరు, ఎంతమంది కలిస్తే దింపగలరు? దీనికి జవాబు దొరికిందంటే ఆ దేశంలో అధికారం ఎక్కడ కాపురం ఉంటోందో దాదాపు తెలిసిపోయినట్లే.

స్వీడన్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే అక్కడ జరిగిన ఒక సంఘటన ఈ ప్రశ్నకు చక్కని ఉదాహరణ. 2021 నవంబరు 24న ఆ దేశ పార్లమెంటు మాగ్దలేనా ఆండర్సన్‌ను ప్రధానమంత్రిగా ఎన్నుకోవడానికి సమావేశమైంది. మొత్తం సభ్యులు 349 మంది. ఆమెకు అనుకూలంగా పడిన ఓట్లు 117, వ్యతిరేకంగా పడినవి 174. 57 మంది తటస్థంగా ఉండిపోయారు, ఒకరు సభకు రాలేదు. అయినా ఆమే నెగ్గారు! స్వీడన్ నియమం ప్రకారం ప్రధానిని సగానికి మించిన సభ్యులు కావాలని కోరనక్కర్లేదు, సగానికి మించిన సభ్యులు వద్దనకుండా ఉంటే చాలు. వద్దనేవాళ్లు 175 మంది కావలసి ఉండగా ఒక్కరు తగ్గారు. అంతటితో కథ ముగియలేదు. అదే రోజు సభలో ప్రతిపక్షాల బడ్జెట్ నెగ్గింది, దాంతో భాగస్వామి గ్రీన్ పార్టీ సంకీర్ణం నుంచి తప్పుకుంది, ఎన్నికైన కొన్ని గంటలకే ఆమె రాజీనామా ఇచ్చారు, ఐదు రోజుల తర్వాత మళ్లీ ఎన్నికయ్యారు. ఈ హడావుడిలో ఎక్కడా రాజు ప్రమేయం లేదు. ప్రధాని పేరు ప్రతిపాదించే పనిని కూడా 1974 నాటి రాజ్యాంగ చట్టం రాజు చేతి నుంచి తీసి స్పీకరుకు అప్పగించింది. కిరీటం ఉన్నంత మాత్రాన రాజ్యం రాజుది కాదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

పార్లమెంటరీ విధానం అని మనం పిలిచేదాని గుండెకాయ ఇదే: ప్రధాని సభ నమ్మకం మీద రోజువారీ బతుకు బతుకుతాడు. బ్రిటన్‌లో 1979 మార్చి 28న జేమ్స్ కాలహన్ ప్రభుత్వం 311–310తో, అంటే ఒక్క ఓటుతో పడిపోయింది. భారతదేశంలో 1999 ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వం 269–270తో, అదీ ఒక్క ఓటుతోనే, విశ్వాస పరీక్షలో ఓడింది. అయితే ఈ విధానంలో ప్రధాని ఎప్పుడూ బలహీనుడే అనుకుంటే పొరపాటు. సభలో గట్టి మెజారిటీ ఉన్న బ్రిటిష్ ప్రధానికి బిల్లు రాసేదీ, ఆమోదింపజేసేదీ, అమలు చేసేదీ ఒకే చేయి అవుతుంది. స్వదేశంలో కోరుకున్న చట్టం తెచ్చుకునే విషయంలో అలాంటి ప్రధానికి ఉన్న శక్తి అమెరికా అధ్యక్షుడికి లేదన్నది నా అభిప్రాయం, మొదటిసారి వినేవారికి ఇది వింతగా తోచవచ్చు.

జర్మనీ ఈ విధానాన్నే తీసుకుని ఒక మెలిక పెట్టింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఏర్పడిన వైమార్ గణతంత్రంలో ఒకరి ముఖం ఒకరు చూడని పార్టీలు ప్రభుత్వాన్ని పడగొట్టడానికి మాత్రం చేతులు కలిపేవి, పడగొట్టాక మరొక ప్రభుత్వాన్ని నిలబెట్టలేకపోయేవి, ఆ శూన్యంలో అధ్యక్షుడు అత్యవసర అధికారాలతో ఆర్డినెన్సుల మీద పాలన నడిపించేవాడు. ఆ దారి చివరకు హిట్లర్ దగ్గర తేలింది. ఈ గుణపాఠంతో 1949 నాటి మౌలిక శాసనంలోని (అదే ఆ దేశ రాజ్యాంగం) 67వ అధికరణం, ఛాన్సలర్‌ను, అంటే అక్కడి ప్రధానిని, దింపాలంటే అదే తీర్మానంలో తర్వాతి ఛాన్సలర్ పేరు కూడా చెప్పి గెలిపించాలని నిర్దేశించింది. 1972లో విల్లీ బ్రాంట్ మీద ఈ ప్రయత్నం రెండు ఓట్ల తేడాతో విఫలమైంది. 1982 అక్టోబరు 1న హెల్ముట్ ష్మిట్‌ను దింపి హెల్ముట్ కోల్‌ను గద్దెనెక్కించినప్పుడు మాత్రం ఫలించింది, జర్మన్ పార్లమెంటు చరిత్రలో ఛాన్సలర్‌ను ఇలా మార్చింది ఆ ఒక్కసారే. కూల్చడం సులువు, కట్టడం కష్టం అన్న సంగతిని రాజ్యాంగంలోకి ఎక్కించిన తీరు నాకు ఎప్పుడూ ముచ్చట గొలుపుతుంది.

అమెరికాకు వస్తే లెక్క పూర్తిగా మారిపోతుంది. అధ్యక్షుడిని దింపడానికి ప్రతినిధుల సభ సాధారణ మెజారిటీతో అభిశంసించాలి, ఆపైన సెనేట్ మూడింట రెండు వంతుల ఓట్లతో దోషి అని తేల్చాలి. ఆండ్రూ జాన్సన్ 1868లో 35–19తో గట్టెక్కారు, దింపడానికి 36 ఓట్లు కావలసి ఉంది. క్లింటన్‌నూ, రెండుసార్లు ట్రంప్‌నూ అభిశంసించినా సెనేట్ నిర్దోషులుగానే వదిలింది, నిక్సన్ అంతవరకూ రానీయకుండా 1974లో తానే రాజీనామా చేశారు. సెనేట్ తీర్పుతో పదవి పోగొట్టుకున్న అధ్యక్షుడు ఇంతవరకు లేడు. ఇటు అధ్యక్షుడికి కూడా కాంగ్రెస్‌ను రద్దు చేసే అధికారం లేదు. ఒకరినొకరు దింపుకోలేని ఇద్దరు నాలుగేళ్లు ఒకే ఇంట్లో కాపురం చేయాలన్నమాట.

దీని పర్యవసానం డబ్బు దగ్గర బయటపడుతుంది. పార్లమెంటరీ దేశంలో బడ్జెట్ ఓడిపోతే సాధారణంగా ప్రభుత్వమే పోతుంది, కొత్త ప్రభుత్వమో ఎన్నికలో వచ్చి చిక్కుముడి విప్పుతాయి. అమెరికాలో బడ్జెట్ ఆగిపోయినా అధ్యక్షుడు అలాగే ఉంటాడు, కాంగ్రెస్ అలాగే ఉంటుంది, కార్యాలయాలు మాత్రం మూతపడతాయి. సరిహద్దు గోడకు నిధుల విషయంలో తగవు వచ్చి 2018 డిసెంబరు 22 నుంచి 35 రోజులపాటు జరిగింది ఇదే. లక్షల మంది ఫెడరల్ ఉద్యోగులు ఆ రోజుల్లో జీతం లేకుండా గడిపారు. ఇద్దరిలో ఎవరిదీ గద్దె కదల్లేదు.

ఈ రెండు విధానాలనూ ఒకే రాజ్యాంగంలో కలిపితే అతుకు ఎక్కడ ఊడుతుందో తెలియాలంటే 1975 నాటి ఆస్ట్రేలియాను చూడాలి. ఆ దేశం బ్రిటన్ నుంచి దిగువ సభకు బాధ్యత వహించే ప్రధానిని తీసుకుంది, అమెరికా నమూనాలో రాష్ట్రాలకు సమాన సంఖ్యలో సీట్లు ఇచ్చే బలమైన సెనేట్‌ను తీసుకుంది. దిగువ సభలో గఫ్ విట్లమ్‌కు మెజారిటీ ఉంది, సెనేట్‌లో ప్రతిపక్షం ఖర్చుల బిల్లులను ఆపేసింది. నవంబరు 11న, రాణి ప్రతినిధిగా అలంకారప్రాయంగా ఉంటాడని అందరూ భావించిన గవర్నర్ జనరల్ జాన్ కెర్, మెజారిటీ ఉన్న ప్రధానిని పిలిచి బర్తరఫ్ ఉత్తరం చేతిలో పెట్టి, ప్రతిపక్ష నాయకుడు మాల్కం ఫ్రేజర్‌ను ఆపద్ధర్మ ప్రధానిగా నియమించారు. దిగువ సభ ఆ మధ్యాహ్నమే ఫ్రేజర్ మీద అవిశ్వాసం ప్రకటించింది, కాని ఆ తీర్మానాన్ని కెర్ అందుకోకుండానే రెండు సభలూ రద్దయ్యాయి. పార్లమెంటు మెట్ల మీద గవర్నర్ జనరల్ కార్యదర్శి రద్దు ప్రకటన చదువుతుండగా, పదవి పోయిన విట్లమ్ ఆయన వెనకే నిలబడి విన్నారు. ఆస్ట్రేలియా రాజ్యాంగం తిరగేస్తే ప్రధానమంత్రి అనే మాటే కనిపించదు, గవర్నర్ జనరల్ మాత్రం అడుగడుగునా కనిపిస్తాడు. కాగితం మీద రాసినదానికీ ఆచారంగా నడిచేదానికీ మధ్య ఉన్న ఈ ఖాళీ మామూలు రోజుల్లో ఎవరి కంటికీ ఆనదు. బ్రిటన్‌లోనూ బిల్లుకు సమ్మతి నిరాకరించే హక్కు రాజుకు సిద్ధాంతరీత్యా ఉంది, దాన్ని చివరిసారి వాడింది 1708లో ఆన్ రాణి.

ఇక నిజంగానే పాలించే రాజుల సంగతి. సౌదీ అరేబియాలో 1992 నాటి మౌలిక పాలనా చట్టం ఖురాన్, సున్నత్ (ప్రవక్త మాటలు, నడవడి ఆధారంగా వచ్చిన సంప్రదాయం) ఈ రెండే రాజ్యాంగమని ప్రకటించింది. 150 మంది సలహా సభ ఉన్నా దాన్ని నియమించేది రాజే. మరి అక్కడ దింపేది ఎవరని నా విద్యార్థులు తప్పకుండా అడిగేవారు. దానికి చరిత్రలో జవాబు ఉంది: 1964లో రాజు సౌద్‌ను దింపింది రాజకుటుంబమే, మత పండితుల ఫత్వా అండగా, ఆయన తమ్ముడు ఫైసల్ కోసం. అంటే సంపూర్ణ రాచరికంలో కూడా ఒక ఓటర్ల జాబితా ఉంటుంది, కాకపోతే అది ఒక ఇంటి వంశవృక్షమంత ఉంటుంది. మలేషియాలో తొమ్మిది రాష్ట్రాల వంశపారంపర్య పాలకులు తమలో ఒకరిని ఐదేళ్లకు రాజుగా ఎన్నుకుంటారు. భూటాన్ 2008 రాజ్యాంగం ఇంకా ముందుకు వెళ్లి, రాజు 65 ఏళ్లకు పదవీ విరమణ చేయాలనీ, రాజ్యాంగాన్ని బుద్ధిపూర్వకంగా ఉల్లంఘిస్తే పార్లమెంటు తీర్మానం, ఆపైన ప్రజాభిప్రాయ సేకరణ ద్వారా ఆయనను తప్పించవచ్చనీ రాసింది. వాటికన్‌లో మాత్రం 80 ఏళ్లలోపు కార్డినళ్లు మూడింట రెండు వంతుల ఓట్లతో ఎన్నుకున్న పోప్‌ను దింపే వ్యవస్థే లేదు. 2013లో బెనెడిక్ట్ XVI చేసినట్లు తనంతట తానే తప్పుకోవాలి.

ఫ్రాన్స్‌ను చాలామంది అధ్యక్ష తరహా దేశమని అనుకుంటారు. నిజానికి అక్కడి అధ్యక్షుడి బలం పార్లమెంటులో గాలి ఎటు వీస్తోందన్న దాన్ని బట్టి పెరుగుతుంది, తరుగుతుంది. 1958 రాజ్యాంగం ప్రధానిని నియమించే అధికారం అధ్యక్షుడికి ఇచ్చింది, ఆ ప్రధానిని దింపే అధికారం దిగువ సభకు ఇచ్చింది. సభలో తన పక్షం ఓడిన ప్రతిసారీ (1986లో, 1993లో మిత్తరాండ్‌కు, 1997లో షిరాక్‌కు ఈ అవస్థ వచ్చింది) అధ్యక్షుడు తన ప్రత్యర్థినే ప్రధానిగా పెట్టుకుని, దేశీయ వ్యవహారాలు అతనికి వదిలి, విదేశాంగం, రక్షణ మాత్రం చూసుకోవలసి వచ్చింది. ఈ బెడద తప్పించడానికే 2000లో ప్రజాభిప్రాయ సేకరణ జరిపి అధ్యక్షుడి పదవీకాలాన్ని ఏడేళ్ల నుంచి ఐదేళ్లకు తగ్గించి, రెండు ఎన్నికలూ వెంటవెంటనే వచ్చేలా చేశారు. కొన్నాళ్లు పనిచేసింది. 2024 డిసెంబరు 4న బార్నియే ప్రభుత్వం 331 ఓట్లు పడిన అవిశ్వాస తీర్మానంతో కూలింది, అటువంటిది అంతకుముందు జరిగింది 1962లో.

దక్షిణ కొరియాలో అధ్యక్షుడికీ సభకూ తగవు వస్తే ఏమవుతుందో అదే నెలలో లోకమంతా చూసింది. డిసెంబరు 3 రాత్రి అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ సైనిక శాసనం ప్రకటించారు. మొత్తం సభ్యుల్లో సగానికి మించి కోరితే దాన్ని ఎత్తివేయక తప్పదని ఆ రాజ్యాంగంలో ఒక వాక్యం ఉంది. ఆ వాక్యం కోసమే సభ్యులు అర్ధరాత్రి పార్లమెంటుకు పరుగెత్తారు, కొందరు ప్రహరీ గోడలు దూకారు, సైనికులు భవనంలోకి చొరబడుతుండగా లోపల 300 మందిలో 190 మంది చేరి ఏకగ్రీవంగా ఓటు వేశారు. తెల్లవారేలోగా సైనిక శాసనం పోయింది. పదకొండు రోజులకు అభిశంసన, 2025 ఏప్రిల్ 4న రాజ్యాంగ న్యాయస్థానం ఎనిమిది మంది న్యాయమూర్తుల ఏకగ్రీవ తీర్పుతో పదవి నుంచి తొలగింపు. అమెరికాలో తుది మాట సెనేటర్లది, ఇక్కడ న్యాయమూర్తులది. కాగితం మీద చిన్నదిగా కనిపించే ఈ తేడా ఫలితాన్ని తారుమారు చేయగలదు.

ఎన్నికలు జరిగినా దింపే తాళంచెవి ఓటరు చేతిలో ఉండని దేశాలు వేరు. ఇరాన్‌లో అధ్యక్షుడినీ పార్లమెంటునూ ప్రజలే ఎన్నుకుంటారు, కాని ఎవరు పోటీ చేయవచ్చో 12 మంది సభ్యుల సంరక్షక మండలి ముందే వడపోస్తుంది. ఆ పన్నెండుగురిలో ఆరుగురు మత న్యాయవేత్తలను సర్వోన్నత నేత నేరుగా నియమిస్తాడు, మిగతా ఆరుగురిని ఆ నేతే నియమించిన న్యాయ శాఖాధిపతి ప్రతిపాదించిన పేర్ల నుంచి పార్లమెంటు ఎంచుకుంటుంది. సర్వోన్నత నేతను దింపగలిగిన నిపుణుల సభను ప్రజలే ఎన్నుకోవాలి, దానికి పోటీ చేసేవారిని వడపోసేదీ ఆ సంరక్షక మండలే. ఈ గొలుసును బల్ల మీద గీసి చూపిస్తే చివరకు వలయం అవుతుంది.

చైనాలో అయితే ప్రభుత్వ పదవుల పట్టిక చూసి ప్రయోజనం లేదు. దాదాపు మూడు వేల మంది ప్రతినిధులున్న జాతీయ ప్రజా కాంగ్రెస్‌కు దేశాధ్యక్షుడిని తొలగించే హక్కు కాగితం మీద ఉంది. అసలు బలం కమ్యూనిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి పదవిలోనూ కేంద్ర సైనిక సంఘం అధ్యక్ష పదవిలోనూ ఉంటుంది. ఆ దేశాన్ని మలుపు తిప్పిన డెంగ్ షియావోపింగ్ ఏనాడూ దేశాధ్యక్షుడు కాదు, ప్రధాని కాదు, సైనిక సంఘానికి మాత్రం అధ్యక్షుడు. దేశాధ్యక్ష పదవికి ఉన్న రెండు విడతల పరిమితిని 2018లో తీసేసినప్పుడు బయట పెద్ద సంచలనమైంది. మిగతా రెండు పదవులకు అలాంటి పరిమితి అంతకుముందు కూడా రాజ్యాంగంలో లేదు. ఏకపార్టీ పాలనలో దింపడం పార్టీ గదిలోనే జరుగుతుంది, 1964 అక్టోబరులో సోవియట్ నాయకుడు కృశ్చేవ్‌ను సహచరులే ఇంటికి పంపినట్లు.

మయన్మార్‌ది అంకగణితం. 2008 రాజ్యాంగం పార్లమెంటు సీట్లలో 25 శాతం సైన్యానికి కేటాయించింది, కీలక అధికరణాల సవరణకు 75 శాతానికి మించిన ఓట్లు కావాలన్నది. ఆంగ్ సాన్ సూకీ పార్టీ 2015లోనూ 2020లోనూ ఘనవిజయం సాధించినా ఆ గీత దాటలేకపోయింది, 2021 ఫిబ్రవరి 1న సైన్యం అంతవరకు మిగిలినదాన్ని కూడా లాగేసుకుంది.

కేంద్రానికీ ప్రాంతాలకూ మధ్య పంపకం గురించి కూడా ఇదే ప్రశ్న వేయవచ్చు: కింది ప్రభుత్వాన్ని పై ప్రభుత్వం రద్దు చేయగలదా? యాభై ఏళ్లు నడిచిన ఉత్తర ఐర్లాండ్ పార్లమెంటును బ్రిటన్ 1972లో నిలిపేసి మరుసటి ఏడాది రద్దు చేసింది, అది ఏకకేంద్ర రాజ్యం కనుక ఎవరి అనుమతీ అవసరం పడలేదు. అమెరికాలో ఒక రాష్ట్ర శాసనసభను అలా మూసేయడం ఊహకు అందదు. అక్కడ ఆరు లక్షలలోపు జనాభా ఉన్న వ్యోమింగ్‌కూ, దాదాపు 3.9 కోట్ల జనాభా ఉన్న కాలిఫోర్నియాకూ సెనేట్‌లో చెరి రెండు సీట్లే. భారతదేశం ఈ రెండింటి మధ్య ఎక్కడో నిలుస్తుంది. 356వ అధికరణం రాష్ట్ర ప్రభుత్వాన్ని తొలగించే వీలు కల్పించినా, 1994లో బొమ్మై కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం బలాబలాలు తేలవలసింది శాసనసభలోనేనని చెప్పి ఆ వీలును చాలావరకు బిగించింది.

స్విట్జర్లాండ్ నా ప్రశ్నకు లొంగని దేశం, అందుకే నాకు ఇష్టం. ఏడుగురు సభ్యుల ఫెడరల్ కౌన్సిల్‌ను పార్లమెంటు నాలుగేళ్లకు ఎన్నుకుంటుంది, మధ్యలో అవిశ్వాసంతో దింపే పద్ధతి లేదు, అధ్యక్ష స్థానం ఏడాదికొకరి చొప్పున తిరుగుతుంది. మనిషిని దింపే అవసరం అక్కడ పెద్దగా రాదు, చట్టాన్నే దింపవచ్చు: పార్లమెంటు చేసిన చట్టం నచ్చకపోతే 100 రోజుల్లో 50,000 సంతకాలు సేకరిస్తే అది ప్రజల ఓటుకు వెళ్లాలి. అయితే ఈ ప్రత్యక్ష ప్రజాస్వామ్యాన్ని ఆకాశానికెత్తే ముందు, ఫెడరల్ ఎన్నికల్లో మహిళలకు ఓటు హక్కు 1971 దాకా రాకపోవడానికి కూడా ఓటర్లయిన పురుషుల సమ్మతే అడ్డంకి అయిందని గుర్తుంచుకోవాలి.

వీటిలో ఏది మేలు, ఒక దేశం మరో దేశం నుంచి నచ్చిన భాగం తెచ్చుకోవచ్చు కదా అని కూడా మీరు అడిగారు. ఇజ్రాయెల్ ఆ పని చేసి చూసింది. చిన్న పార్టీల బేరాలతో విసిగి, ప్రధానిని ప్రజలే నేరుగా ఎన్నుకోవాలని 1992లో చట్టం చేసింది; పార్లమెంటరీ విధానంలోని అవిశ్వాసాన్ని మాత్రం అలాగే ఉంచింది. 1996లో ఓటర్ల చేతికి రెండు చీట్లు వచ్చాయి. ప్రధాని చీటీ పెద్ద పార్టీ నాయకుడికి వేశాం కదా అని రెండో చీటీని తమకు ఇష్టమైన చిన్న పార్టీకి వేసుకున్నారు. పెద్ద పార్టీలు చిక్కిపోయాయి, చిన్నవి బలిశాయి, ప్రజలు నేరుగా ఎన్నుకున్న ప్రధాని వాటి గుమ్మాల ముందే మునుపటికంటే ఎక్కువసేపు నిలబడవలసి వచ్చింది. 1999లో, 2001లో ఇంకో రెండుసార్లు ప్రయత్నించి ఆ చట్టాన్ని రద్దు చేశారు. 2003 ఎన్నికల్లో ఓటరుకు మళ్లీ ఒక్క చీటీయే ఇచ్చారు.